గోడ అవతలి వెచ్చదనం

"సరిగ్గా నాలుగింటికి ఈ అమ్మాయిని స్టేషన్‌కి తీసుకెళ్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అంతవరకు నీ ఇష్టం బావా. గోడలు తడుముకో, నేల వాసన చూసుకో. నాలుగు కొట్టాక మాత్రం నన్ను ఆపకు."

బైండింగ్ షాపు గోడ గడియారంలో రెండూ పది.

డిటెక్టివ్‌ని ఊళ్లో అందరూ భూతద్దం అంటారు. ముప్పై ఏళ్లు ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఇన్‌స్పెక్టర్ ఆయన భార్యకి తమ్ముడు. ఆమె పోయి ఎనిమిది నెలలు. అప్పటినుంచి వీళ్లిద్దరూ కలుసుకుంటున్నది కేసుల దగ్గరే, మాట్లాడుకుంటున్నది కేసుల గురించే.

"నిన్న జరిగింది మళ్లీ ఒకసారి చెప్పు," అన్నాడు డిటెక్టివ్.

"ఒంటిగంటా పదికి భోజనాలు. షాపు మేస్త్రి, ఆయన మేనకోడలు, కుట్టుపని చేసే పిన్ని. ముగ్గురే. ఒకటీ ఇరవై అయిదుకి మేస్త్రి మొహం, మెడ కుంకుమ పూసినట్టు ఎర్రబడ్డాయి. ఒకటీ ముప్పై అయిదుకి పడిపోయాడు. రెండూ పదికి ఆసుపత్రి. బీపీ అందలేదు. అలర్జీ అని ఇంజెక్షన్ ఇచ్చి నిలబెట్టారు. ఆయనకి పల్లీ పడదని ఈ వీధిలో కుక్కకి కూడా తెలుసు. వండి తెచ్చింది మేనకోడలు. ఆమె సంచిలో పల్లీల పొట్లం దొరికింది. ఇంకేం కావాలి?"

"గంటా యాభై నిమిషాలు."

మేనకోడలు కత్తిరింపు బల్ల పక్కన నిలబడి ఉంది. పాతికేళ్లుంటాయి. వేళ్ల చివర జిగురు ఎండి తెల్లటి పొరలు కట్టింది.

"ఆ పొట్లం బస్సులో తినడానికి సార్," అంది. "దిగాక చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి గానీ షాపులోకి రాను. ఎనిమిదో ఏటినుంచి మావయ్య ఇంట్లోనే పెరిగాను. అక్కడ పల్లీ మొహం చూడలేదు. బస్సులోనైనా తిననివ్వండి."

కుట్టు పిన్నికి నవ్వొచ్చింది. సందర్భం కాదని గుర్తొచ్చి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె ఒళ్లో టిఫిన్ క్యారియర్ ఉంది. వచ్చినప్పటినుంచి దాన్ని దింపలేదు.

"మొన్న సాయంత్రం మీ ఇద్దరికీ గొడవైందట," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వీధి చివరికి వినిపించిందట."

"గొడవంటే ఇద్దరూ అరవాలి కదా సార్. ఆయనొక్కరే అరిచారు. వేరే షాపులో పని చూసుకుని వెళ్లిపో, నా కళ్ల ముందు ఉండకు అని."

"ఎందుకు?"

"తెలిస్తే సరిదిద్దుకునేదాన్ని." ఆమె బల్లమీది దారపు ముక్కని వేలికి చుట్టుకుంది. "మూడు వారాలుగా ఇదే వరస. అంతకు ముందు పక్కపక్కనే కూర్చుని పనిచేసేవాళ్లం. ఒకరోజు పొద్దున్నే తన బల్లా, జిగురు కాచే స్టవ్వూ ఆ మూలకి జరుపుకున్నారు. అన్నం కూడా అక్కడే, గోడకేసి తిరిగి. నేను నీళ్లు తీసుకెళ్తే, అక్కడే పెట్టి వెళ్లు అంటారు."

గొంతు పట్టేసినట్టు దగ్గింది. "కాగితం దుమ్ము," అంది. "ఈ షాపులో అందరం దగ్గుతాం."

డిటెక్టివ్ పెన్సిల్ తీశాడు. "చేప ఎప్పుడు కొన్నావు తల్లీ?"

"చేపా?" ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ముందుకి జరిగాడు. "నేను పల్లీ అంటుంటే నువ్వు చేప అంటావేంటి?"

"నీ గంటలో నువ్వు పల్లీ అడుగు. ఇది నా గంట."

"మొన్న పొద్దున ఏడింటికి కొన్నానండీ," అంది ఆమె. "ఎర్ర కండ ఉండే సముద్రపు చేప. మావయ్యకి ప్రాణం. సాయంత్రానికి మంచివి అయిపోతాయని పొద్దున్నే వెళ్లాను. సరాసరి షాపుకొచ్చి స్టోరు గదిలో కొక్కేనికి తగిలించాను. చీకటి గది, ఎప్పుడూ చల్లగా ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకి ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాను. నిన్న పొద్దున సగం వేయించి తెచ్చాను. అది తింటే కోపం తగ్గుతుందేమోనని."

"వాసనేమైనా వచ్చిందా?"

"లేదండీ. వస్తే ఆయనకి పెడతానా?"

ఏడు నుంచి ఆరున్నర. డిటెక్టివ్ రాసుకుని కుట్టు పిన్ని వైపు తిరిగాడు. "మీరూ తిన్నారా పిన్నీ?"

"రెండు ముక్కలు. చూస్తున్నావుగా నాయనా, గుండ్రాయిలా ఉన్నాను."

"తలనొప్పి రాలేదా?"

పిన్ని ఆగింది. "వచ్చింది. గుండె కూడా కాస్త దడదడలాడింది. మనిషి ఎదురుగా కూలిపోతే దడ రాదా?"

"ఆయన పడకముందు వచ్చిందా, పడ్డాక వచ్చిందా?"

"ఉండు." ఆమె కళ్లు మూసుకుంది. "ముందే. నీళ్లు తాగుదామని లేచాను, అప్పుడే ఆయన పడ్డాడు. అవును, ముందే."

"చేప తింటుంటే నాలుక ఎలా ఉంది?"

"మిరియం కొరికినట్టు చురుక్కుమంది. ఈ పిల్లతో అన్నాను కూడా, మిరియాలు దంచి పోశావేమే అని."

"నేను మిరియాలు వెయ్యలేదు పిన్నీ," అంది మేనకోడలు మెల్లగా. "నాకు మొహమంతా మండింది. మావయ్య మాటలు గుర్తొచ్చి అనుకున్నాను."

డిటెక్టివ్ బావమరిది వైపు చూశాడు. "ఇవి నీ కాగితాల్లో ఉన్నాయా?"

"వీళ్లు పడిపోలేదుగా. ఎందుకు అడుగుతాను?" అని ఇన్‌స్పెక్టర్ క్యారియర్ వైపు వేలు చూపించాడు. "ఇంతకీ అందులో ఏముంది?"

"నీకోసం కాదులే." పిన్ని దాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "నాలుగింటికి చూడనిస్తారు. మెత్తటిదేదైనా తినిపించవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మూడింటి బస్సుకి నన్ను వదిలెయ్యాలి. తర్వాత కావాలంటే బేడీలు వేసుకో."

మూడవడానికి పది నిమిషాల ముందు డిటెక్టివ్ ఫోన్ మోగింది. ఆసుపత్రి ల్యాబులో ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. ఆయన మూడు ముక్కలు విని, "ఎన్నింటికి తీసిన రక్తం?" అని అడిగాడు. "రెండూ యాభైకా? మంచిది. సంతోషం తల్లీ," అని పెట్టేశాడు.

పిన్ని అప్పటికే చెప్పులు వేసుకుని మెట్లు దిగుతోంది.

"ఇది అలర్జీ కాదు," అన్నాడు డిటెక్టివ్.

"మొహం ఎర్రబడి, బీపీ పడిపోయి, ఇంజెక్షన్‌కి లేచిన మనిషిది అలర్జీ కాదా? డాక్టర్లందరూ తప్పా?"

"వాళ్లు చూసిందాంట్లో తప్పు లేదు. అలర్జీలో ఏం జరుగుతుందో అదే జరిగింది. చేసినవాడు వేరు." ఆయన స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "మనందరి ఒంట్లో హిస్టమిన్ అని ఒకటి ఉంటుంది. కడుపులో ఆమ్లం ఊరించేది అదే, పగలు మెలకువగా ఉంచేదాంట్లోనూ దానికి వాటా ఉంది. చర్మం కింద, పేగుల్లో మాస్ట్ కణాలని కాపలావాళ్లుంటారు. దాన్ని చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటారు. దొంగ వచ్చాడనిపిస్తే బయటికి వదులుతారు. నీ కానిస్టేబుల్ ఈల ఊదినట్టు. దాంతో రక్తనాళాలు వెడల్పవుతాయి, సాయం పరిగెత్తుకొస్తుంది."

"మంచిదేగా."

"దొంగ వచ్చినప్పుడు మంచిదే. అలర్జీ ఉన్నవాళ్లలో పల్లీ గింజని చూసి ఒంట్లో ఉన్న కానిస్టేబుళ్లందరూ ఒక్కసారే ఊదుతారు. నాళాలన్నీ తెరుచుకుంటాయి, బీపీ పడిపోతుంది. ఇప్పుడు విను. ఆ కణం ఈల ఊదినప్పుడల్లా దాని చొక్కా గుండీ ఒకటి తెగి పడుతుందనుకో. దాన్ని ట్రిప్టేజ్ అంటారు. ఈల మోత కాసేపట్లో అణిగిపోతుంది. గుండీ మాత్రం కొన్ని గంటలు రక్తంలో దొరుకుతుంది. నిన్న పడిపోయిన గంటా పావుకి తీసిన రక్తంలో అది మామూలుగా ఉండాల్సినంతే ఉంది."

ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. "అంటే కానిస్టేబుల్ ఊదలేదు."

"ఊదలేదు. ఈల బయటినుంచి వచ్చింది."

"అయితే విషమే!" ఇన్‌స్పెక్టర్ లేచాడు. "ఇంకా మంచిది. సెక్షన్ మారుస్తాను."

"సెక్షన్ తర్వాత మారుద్దువుగాని. స్టోరు గదిలోకి రా."

గదిలో కాగితపు రీములు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. కిటికీ లేదు. కొక్కెం వెనక గోడకి ఉంది. డిటెక్టివ్ దాని కింద అరచెయ్యి ఆనించి, బావమరిది చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వేడిగా ఉందే!"

"గోడకి అవతలేముంది తల్లీ?"

మేనకోడలు గుమ్మంలో నిలబడి ఉంది. వెనక్కి తిరిగి షాపు మూల వైపు చూసింది. మేస్త్రి బల్ల, దాని పక్కన గోడకి ఆనించి జిగురు స్టవ్. కిటికీ దగ్గర, స్టవ్ ఇంతకు ముందుండిన చోట, నేలమీద నలుచదరంగా నల్లటి మరక మిగిలి ఉంది.

"ఎన్నింటికి వెలిగిస్తారు?"

"ఎనిమిదిన్నరకి," అంది. "ఇవాళ కూడా అంతే. సాయంత్రం ఆరుదాకా ఆర్పం. ఆర్పితే జిగురు గడ్డకడుతుంది."

"నువ్వు చేప తగిలించినప్పుడు గోడ చల్లగానే ఉంది. ఇన్నేళ్లుగా ఎప్పుడూ చల్లగానే ఉంది. ఆ రకం చేప కండ పది గంటలు వెచ్చగా ఉంటే అందులోని క్రిములు దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. వాసన రాదు, రంగు మారదు. నాలుక మీద మిరియంలా చురుక్కుమంటుంది."

ఆమె రీముల మీద కూలబడింది. "అయితే నా చేతులతోనే..."

"నువ్వు చేపని కొక్కేనికి తగిలించావు. అంతవరకే."

"ఆగాగు బావా." ఇన్‌స్పెక్టర్ గొంతులో పంతం వచ్చింది. "ఒకే చేప. ముగ్గురూ తిన్నారు. ఒకరికి తలనొప్పి, ఒకరికి మంట. ఆయనొక్కడే ఎందుకు చావుదాకా వెళ్లాడు? ఇది చెప్పలేకపోతే నాలుగింటికి నా జీపు బయల్దేరుతుంది."

మంచి ప్రశ్న. డిటెక్టివ్ ఆ మాటే అన్నాడు.

"నిన్న ఆయన జేబుల్లో ఏం దొరికాయి?"

ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ కవరు బల్లమీద పెట్టాడు. తాళాలు, పెన్సిల్ ముక్క, చేతిరుమాలు. తెల్ల రుమాలు మీద నారింజ రంగు మరకలు.

"అట్ట గుడ్డ రంగు. ఈ వారం ఎర్ర అట్టలు కడుతున్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చేతులు తుడుచుకుంటే రంగు మధ్యలో అంటుతుంది. ఇది మడత మూలల్లో ఉంది. కళ్లు తుడుచుకునే మూలలు." డిటెక్టివ్ కవరుని వెలుతురుకి పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. "ఈ రంగు నేను తొమ్మిది నెలలు ఉతికాను."

"ఎవరివి?"

"మీ అక్కవి. పెళ్లయిన రెండో ఏడు. టీబీ. ఆ మాత్రలు వేసుకుంటే చెమటా కన్నీళ్లూ అన్నీ ఈ రంగులోకి వస్తాయి. నువ్వప్పుడు హాస్టల్లో ఉండి పరీక్షలకి చదువుతున్నావు. తమ్ముడికి చెప్పొద్దంది."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "నాకు నెలనెలా ఉత్తరం రాసేది."

"మంచం మీదే కూర్చుని రాసేది. పూర్తిగా తగ్గిపోయింది. తర్వాత చెప్పాల్సిన అవసరం రాలేదు."

ఇద్దరూ ఆ రుమాలు వంకే చూశారు. ముందుగా తేరుకున్నది డిటెక్టివ్.

"మనం తిన్న హిస్టమిన్‌ని పేగుల్లో ఒక ఎంజైమ్ విరగ్గొట్టేస్తుంది. టీబీ మాత్రల్లో ఒకటి ఆ ఎంజైమ్ చేతులు కట్టేస్తుంది. పిన్ని ఒళ్లు, ఈ పిల్ల ఒళ్లు చాలావరకు విరగ్గొట్టేశాయి. ఆయన ఒళ్లు విరగ్గొట్టలేకపోయింది."

"మాత్రలు చూపించు. నమ్ముతాను."

"ఇంట్లో పెట్టడు, ఈ అమ్మాయి సర్దుతుంది. ఇక్కడే ఉండాలి." ఆయన మేనకోడల్ని అడిగాడు. "ఈ షాపులో నువ్వు ఎప్పుడూ చెయ్యి పెట్టని చోటు ఏది?"

ఆమె సందేహించింది. "ఆ పై అర. కానీ అది... అక్కడున్నవి మీవే సార్."

మేస్త్రి బల్లకి పైన, నీలం గుడ్డ అట్టలతో నాలుగు లావుపాటి పుస్తకాలు.

"అమ్మగారి నోటుపుస్తకాలు. మీరొచ్చి తీసుకునేదాకా దుమ్ము కూడా దులపొద్దని మావయ్య మాట. దులపడం ఆయనే చేస్తారు."

భార్య పోయిన వారానికి డిటెక్టివ్ వాటిని బైండింగ్‌కి ఇచ్చాడు. తర్వాత ఈ వీధిలోకి రాలేదు. ఇవాళ షాపులో అడుగుపెట్టగానే అవి కనిపించాయి. అప్పటినుంచి వాటికి వీపు పెట్టే కూర్చున్నాడు.

"నేను తియ్యనా బావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వద్దు."

రెండు చేతులతో నాలుగూ కలిపి దించాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉన్నాయి. వాటి వెనక మాత్రల అట్టలు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. వాటి కింద, ఊరికి ఆ చివరున్న క్లినిక్ ఇచ్చిన కార్డు.

మేనకోడలు కార్డు అందుకుని మందు మొదలుపెట్టిన తేదీ చదివింది. రెండోసారి చదివింది.

"స్టవ్ జరిపింది ఆ రోజే," అంది. "నీళ్లు అక్కడే పెట్టి వెళ్లమన్నదీ..."

"నీకు అంటకూడదని."

"ఆ మాట నోటితో చెప్పొచ్చుగా!" అని అరిచింది. ఆ అరుపు అచ్చం మేస్త్రి అరుపులా ఉందని ఇన్‌స్పెక్టర్ తర్వాత అన్నాడు.

"చెబితే నువ్వు దూరంగా కూర్చునేదానివా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

గడియారంలో మూడూ నలభై రెండు. ఇన్‌స్పెక్టర్ తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. మిగతా సగం చేప నాకివ్వండి. పరీక్షకి పంపి కేసు మూసేస్తాను. ఫ్రిజ్‌లోనే ఉందిగా?"

"లేదు సార్. పొద్దున పిన్ని పట్టుకెళ్లింది." ఆమె మాట అక్కడ తడబడింది. "నూనె చుక్క పడకుండా ఉడికించి, మెత్తగా చేసి మావయ్యకి పెడతానంది. నూనే లేకపోతే పల్లీ నూనె పోశానని మీరు నామీద వంక పెట్టలేరని..."

డిటెక్టివ్ అప్పటికే ఫోన్ తీశాడు. "ఎంత ఉడికించినా హిస్టమిన్ పోదు. పిన్ని నంబరు చెప్పు!"

ఆమె చెప్పింది. కుట్టు బల్లమీద, దారపు ఉండల మధ్య, పిన్ని ఫోన్ మోగింది.

వార్డు నంబరు బిజీ. మళ్లీ చేస్తే మళ్లీ బిజీ.

"జీపెక్కండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. డిటెక్టివ్ చంకలో నోటుపుస్తకాలు అలాగే ఉన్నాయి, ఆయనకి ఆ సంగతి తెలియలేదు. ఇన్‌స్పెక్టర్ వాటిని లాక్కుని ముందు సీట్లో పెట్టి, జారిపోకుండా తన టోపీ వాటికి అడ్డం పెట్టాడు. దారిపొడుగునా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. డిటెక్టివ్ నాలుగుసార్లు నంబరు నొక్కాడు.

నాలుగూ మూడుకి వార్డు తలుపు తోశారు.

గిన్నె పిన్ని చేతిలో ఉంది. చెంచా గిన్నెలో ఉంది. మంచం మీద మేస్త్రి ఒక చేత్తో ముక్కూ మూతీ మూసుకుని, రెండో చెయ్యి అడ్డంగా చాపి ఉన్నాడు.

"మీరైనా చెప్పండి నాయనా," అంది పిన్ని వాళ్లని చూసి. "మొహానికి గుడ్డ కట్టుకుంటేగానీ దగ్గరికి రానివ్వడట. వచ్చినప్పటినుంచి ఇదే గోల. నేనేమన్నా దొంగనా?"

ఇన్‌స్పెక్టర్ గిన్నె లాక్కున్నాడు. "ఒక్క చెంచా అయినా తిన్నాడా?"

"ఏదీ, తిననిస్తేగా!"

డిటెక్టివ్ గోడకి ఆనుకుని ఊపిరి వదిలాడు. పిన్నికి అంతా చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. వినగానే ఆమె మంచం కాళ్ల దగ్గర కూర్చుని, "నా చేతులతో పెట్టేదాన్నిరా," అని మాత్రం అంది.

మేనకోడలు గుమ్మంలోనే ఉంది. మేస్త్రి ఆమెని చూసి చెయ్యెత్తాడు. "అక్కడే ఆగు."

"ఆగను." ఆమె నర్సు దగ్గర మాస్కు తీసుకుని పెట్టుకుంది. నడిచి వచ్చి మంచం మీద కూర్చుంది. "వేరే షాపుకీ వెళ్లను. రేపు స్టవ్ మళ్లీ కిటికీ దగ్గర పెడతాను. మీ బల్ల కూడా. కావాలంటే మీరే గుడ్డ కట్టుకోండి."

"మొండిదానా."

"ఎవరి పెంపకం?"

మేస్త్రి దుప్పటి అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. తెల్లటి దుప్పటి మీద లేత నారింజ మరక పడింది. తర్వాత ఆయన చూపు డిటెక్టివ్ మీదికి వెళ్లింది. "పుస్తకాలు తీసుకున్నారా?"

"తీసుకున్నాను. కుట్టు చాలా బాగుంది."

"నాలుగో దాంట్లో వెనక కాగితాలు కొన్ని ఖాళీగా ఉన్నాయి. కత్తిరించలేదు. మీకు పనికొస్తాయని."

డిటెక్టివ్ తల ఊపాడు. ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మూడోది నేను ముందు చదువుతాను బావా," అన్నాడు.

"నీ మీద రాసినవన్నీ రెండోదాంట్లో ఉన్నాయి. తిట్లతో సహా."

మేనకోడలు నవ్వింది. మూడు వారాల తర్వాత మొదటిసారి, గట్టిగా, భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వు సగంలో దగ్గైంది. ఒకసారి, రెండుసార్లు, తర్వాత ఆగకుండా. మాస్కు మీద చెయ్యి అదిమిపెట్టి వంగిపోయింది.

"కాగితం దుమ్ము," అంది చివరికి, ఊపిరి అందుకుంటూ.

ఆమె తలమీదికి వెళ్తున్న మేస్త్రి చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. డిటెక్టివ్ గది నాలుగు వైపులా చూశాడు. కడిగిన నేల. ఉతికిన దుప్పటి. మూసిన కిటికీ. ఆ గదిలో ఎక్కడా ఒక్క కాగితం లేదు.